పాత మిలటరీ బట్టలేసుకుని కొండలెక్కేవాళ్ళకి కొన్ని సంగతులు

మా పెద్దనాయన ఎంఈజీలో, అదే మన హలసూరు దగ్గరుండే మద్రాస్ సాపర్స్ అనే ఆర్మీ ఇంజనీర్ల దళంలో, హవల్దార్‌గా రిటైరై హిందూపురం వచ్చేసినప్పుడు ట్రంకు పెట్టెలో తెచ్చుకున్న ఆకుపచ్చ ఊలు జెర్సీ ఒకటి ఇప్పుడు నా దగ్గరుంది. మోచేతుల మీదా భుజాల మీదా మందపాటి గుడ్డ ముక్కలు వేసి కుట్టిన జెర్సీ అది, ఎడమ మోచేతి దగ్గర ఆయనే సూది దారం పట్టుకుని వేసుకున్న రఫ్ఫు ఇంకా గట్టిగానే ఉంది, రంగు మాత్రం కొంచెం తేడా. నేను ట్రెక్కింగ్ మొదలుపెట్టానని తెలిసి పిలిచి ఇచ్చాడు, ఇచ్చేముందు భుజం మీదున్న గుర్తులన్నీ బ్లేడుతో విప్పి తన దగ్గరే ఉంచుకుని, "చలికి ఏసుకో రా, బాగుంటాది, కానీ దీని మీద ఏమీ తగిలించుకోవద్దు, అవి సంపాదించుకునేటివి" అన్నాడు. ఆ మాట నాకు అలా ఉండిపోయింది. అప్పట్నుంచి ఏడెనిమిదేళ్ళుగా బెంగళూరు చుట్టుపక్కల కొండలు, అటు పశ్చిమ కనుమలు, ఎక్కడికెళ్ళినా ఒంటి మీద ఇలాంటి పాత మిలటరీ బట్టో దాని కాపీయో ఒకటుంటుంది. ఆఫీసులో, మా మారతహళ్ళి గ్యాంగులో చాలామంది ఎక్కడ కొన్నావు ఏం చూసి కొన్నావు అని అడుగుతుంటారు కాబట్టి తెలిసినదంతా ఒకచోట రాస్తున్నా.

ముందు ఒకటి గుర్తుపెట్టుకోండి, కొనేటప్పుడు బట్ట చూడండి, సినిమాలో హీరో వేసుకున్నాడని కొనొద్దు. ఇంటర్నెట్‌లో చదివి అందరూ మొదట పడేది ఎం-65 ఫీల్డ్ జాకెట్ మీదే, అమెరికా ఆర్మీ 1965లో తెచ్చిన మోడల్, నాలుగు జేబులు, కాలర్ లోపల జిప్‌లో మడిచి పెట్టిన టోపీ, లోపల గుండీలతో తగిలించుకునే లైనర్, నిజంగా అద్భుతమైన జాకెట్. కాటనూ నైలానూ సగం సగం కలిపి సాటిన్ నేతలో దట్టంగా నేసిన బట్ట కాబట్టి గాలి లోపలికి రాదు. కానీ అది చలిదేశాలకి కుట్టింది, మన దగ్గర డిసెంబర్ జనవరిలో స్కందగిరి మీద తెల్లారేముందు కూర్చున్నప్పుడు స్వర్గంలా ఉంటుంది గానీ ఎక్కేటప్పుడు వేసుకుంటే పావుగంటలో లోపల చొక్కా పిండుకునేలా తడుస్తుంది, ఆ తడి చొక్కాతో పైన గాలికి కూర్చుంటే ఇంకా చలి. అందుకే ఎక్కేటప్పుడు బ్యాగులో, పైకెళ్ళాక ఒంటి మీద. లైనర్ ఇంట్లోనే వదిలేయండి, కర్ణాటకలో దాంతో నాకు ఒక్కసారి కూడా పని పడలేదు.

మన వాతావరణానికి అసలైన బట్టలు వేరే ఉన్నాయి. అడవి యుద్ధాల కోసం కుట్టినవి. వియత్నాంలో అమెరికన్లు వేసుకున్న జంగిల్ ఫెటీగ్స్ అంటారు చూడండి, పలచటి కాటన్ పాప్లిన్, ఒంటికి అతుక్కోకుండా వదులుగా ఉండి లోపల గాలి ఆడుతుంది, తడిసినా తొందరగా ఆరుతుంది, ప్యాంట్లోకి దోపకుండా బయటికి వదిలేసుకునే చొక్కా. తర్వాత తర్వాత దీన్ని రిప్‌స్టాప్‌లో కుట్టారు, అంటే బట్టలో కొంచెం కొంచెం దూరంలో లావు దారాలు గళ్ళగళ్ళుగా నేస్తారు, ముల్లు తగిలి చిరిగినా ఆ చిరుగు లావు దారం దగ్గరికొచ్చి ఆగిపోతుంది. వెలుతురుకి పట్టుకుని చూస్తే చిన్న చిన్న గళ్ళు స్పష్టంగా కనిపిస్తాయి. దాని ఛాతీ జేబులు ఏటవాలుగా ఉంటాయి, పైన సామాన్ల పట్టీలున్నా చెయ్యి లోపలికి పోవాలని అలా పెట్టారు. మనం రక్‌శాక్ వేసుకున్నప్పుడు కూడా అదే లాభం, ఫోను, పర్మిట్ కాగితం, చిక్కీ అన్నీ పై జేబుల్లో పెట్టుకోండి, కింది జేబులు ఎలాగూ నడుం బెల్టు కిందకి పోతాయి.

బ్రిటిష్ వాళ్ళ వైపు చూస్తే రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా అడవుల్లో వాడిన ఆకుపచ్చ ఏర్‌టెక్స్ చొక్కాలున్నాయి, బట్టలో సన్నసన్న కన్నాలుంటాయి, మన వల బనియన్ లాగా అనుకోండి. ఇంకా మనకి బాగా తెలిసిన ఖాకీ డ్రిల్, అంటే దట్టంగా నేసిన గట్టి కాటన్ గుడ్డ. ఖాకీ మన నేల మీద పుట్టిన రంగే, 1846లో పెషావర్‌లో లమ్స్‌డెన్ అనే ఆఫీసరు కట్టిన గైడ్స్ దళంతో మొదలైంది, ఖాక్ అంటే దుమ్ము. కోలారు అంతరగంగ బండల మధ్య ఎండాకాలం ఒకసారి తిరిగొస్తే ఆ పేరు ఎందుకు పెట్టారో ఎవరూ చెప్పక్కర్లేదు, మట్టి పడ్డా కనపడదు. అక్కడి గుహల్లో బోర్లా పాకాల్సి వస్తుంది, మోకాళ్ళు మోచేతులు బండకి రాసుకుంటాయి, నాతో వచ్చినవాళ్ళ పలచటి ట్రాక్ ప్యాంట్లు రెండు మూడు పోవడం చూశాను, నా డ్రిల్ ప్యాంటు మోకాలి దగ్గర కొంచెం నూగు లేచింది, అంతే.

కానీ కాటన్‌తో ఒక ప్రమాదం ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఎంత పలచటిదైనా ఎండ లేనిచోట కాటన్ నీళ్ళు పీల్చుకుని వదలదు, తడిసిన కాటన్ ఒంట్లో వేడిని లాగేస్తూనే ఉంటుంది. సావనదుర్గలో మార్చిలో తడిస్తే హాయిగానే ఉంటుంది. అదే జూలైలో 1,894 మీటర్ల కుద్రేముఖ్ పైన గాలీ వానా కలిసి కొడుతుంటే తడి కాటన్‌లో అరగంట నిలబడితే పళ్ళు టకటకలాడతాయి. హిమాలయాలకైతే పాత కాటన్ యూనిఫామ్ మీద ఆధారపడి అసలు వెళ్ళొద్దు. చలీ తడీ రెండూ ఉన్నచోట ఊలే దిక్కు, తడిసినా కొంత వెచ్చదనం ఉంచుతుంది, పెద్దనాయన జెర్సీ విలువ నాకు తెలిసొచ్చింది అక్కడే. పైన వానకి మాత్రం మిలటరీ పోంచో ఒకటి పెట్టుకోండి, బ్యాగుతో సహా కప్పేస్తుంది, కింద పరుచుకోవచ్చు, నాలుగు తాళ్ళు కడితే పైకప్పు అవుతుంది. పాత రబ్బరు పూత పోంచోలైతే మడతల దగ్గర పగిలిపోయి ఉంటాయి, కొత్త నైలాన్‌వే మేలు.

ఇక కొనడం. బెంగళూరులో ఆదివారం పొద్దున్నే చిక్కపేట వైపు సండే బజార్‌లో కుప్పలు పోసి అమ్మేవాటిల్లో అప్పుడప్పుడు మంచివి దొరుకుతాయి, ఓపిక కావాలి. శివాజీనగర్, హలసూరు వైపు యూనిఫామ్ కుట్టే పాత టైలర్ల దగ్గర కూడా అడగండి, అమ్మకానికి లేకపోయినా వాళ్ళకి ఈ బట్టల సంగతి బాగా తెలుసు. ఫారిన్ సైట్లలో పాతవి ఆర్డర్ పెట్టేముందు మాత్రం ఆలోచించుకోండి, వాడిన బట్టలు దిగుమతి చేసుకోవడం మీద మన దేశంలో ఆంక్షలున్నాయి, పార్సిల్ కస్టమ్స్‌లో ఇరుక్కుంటే డబ్బులూ పోతాయి బట్టా పోతుంది. అక్కడున్న చుట్టాలెవరైనా వచ్చేటప్పుడు సూట్‌కేసులో తెస్తే ఆ బాధ లేదు, నా జంగిల్ చొక్కా డల్లాస్‌లో ఉండే మా చిన్నమ్మ కూతురు తెచ్చిందే.

చేతిలోకి వచ్చాక ఏం చూడాలంటే, మొదట లేబుల్. అమెరికా బట్టలకి లోపల కాంట్రాక్ట్ నంబర్ ఉంటుంది, డీఎస్ఏ 100 తర్వాత 68 అనో 71 అనో రెండంకెలు కనిపిస్తే అది కాంట్రాక్ట్ ఇచ్చిన సంవత్సరం, డీఎస్ఏ అంటే వాళ్ళ సైన్యానికి సామాన్లు కొనిపెట్టే సంస్థ, 1970ల చివర్నుంచి దాని పేరు మారి డీఎల్ఏ అని వస్తుంది. బ్రిటిష్ వాటి మీద పైకి చూపించే బాణం గుర్తు చిన్నగా అచ్చు వేసి ఉంటుంది. ఆ తర్వాత కాలం బ్రిటిష్ లేబుల్ మీద 180/96 లాంటి అంకెలుంటే అది ఎత్తు, ఛాతీ, రెండూ సెంటీమీటర్లలో. మనవాళ్ళు చేసే తప్పు ఇక్కడే, మీడియం కదా అని తీసేసుకుంటారు, ఆ మీడియం వాళ్ళ ఒళ్ళు చూసి పెట్టింది, పైగా లోపల ఇంకో రెండు పొరలు వేసుకుంటారని లెక్క. మీకు బాగా సరిపోయే చొక్కా ఒకటి తీసుకెళ్ళి చంక నుంచి చంకకి, భుజం నుంచి భుజానికి టేపుతో కొలిచి పోల్చుకోండి. రెండు చేతులూ పైకెత్తి చూడండి, నడుం బయటపడకూడదు. గొంతుక్కూర్చుని చూడండి, గజ్జల దగ్గర పట్టేయకూడదు, పది కిలోమీటర్లు నడిచాక అక్కడ ఒరుసుకుపోతే ఆ మంట మామూలుగా ఉండదు.

తర్వాత కుట్లు. బట్ట బాగానే ఉండి దారం చచ్చిపోయి ఉండటం పాతవాటిల్లో చాలా మామూలు. చంక కింద, తొడల మధ్య, జేబు మూలల్లో కుట్టుకి అటొకటి ఇటొకటి రెండు బొటనవేళ్ళు పెట్టి నిదానంగా, కొంచెం గట్టిగా లాగండి, టప్ మని సన్నగా చప్పుడొచ్చి దారం తెగితే అది ఒక్కచోటే అనుకోవద్దు, బట్ట మొత్తం మళ్ళీ కుట్టించాల్సిందే. అదే బట్ట కాగితంలా చిరిగితే మాత్రం బాగుచేసే పని లేదు, అక్కడే వదిలేయండి. తర్వాత వెలుతురుకి పట్టుకుని భుజాలు, పిరుదులు, మోకాళ్ళు చూడండి, అరిగిపోయినచోట అవతలి వెలుగు కనిపిస్తుంది. జిప్‌ని నాలుగైదుసార్లు పైకీ కిందకీ లాగండి. వాసన చూడండి, కలరా ఉండల వాసన పోతుంది, బూజు వాసన అంత తొందరగా పోదు.

ఒరిజినల్ కొనాలా కాపీ కొనాలా అంటే నా అభిప్రాయం ఖచ్చితంగా ఇది. రెండో ప్రపంచ యుద్ధం నాటి అసలు బట్ట మీ చేతికొస్తే దాన్ని వేసుకుని బండలెక్కొద్దు, అలాంటివి రాను రాను తగ్గిపోతున్నాయి, ఒక పల్లేరు ముల్లుకీ ఒక చెమట మరకకీ బలిచేయొద్దు, ఎవరు వేసుకున్నారో తెలిస్తే రాసి లోపల పెట్టి దాచండి. 1970లు, 80ల సర్‌ప్లస్, అంటే సైన్యం మిగిలిపోయాయని అమ్మేసిన సరుకు, అయితే ధైర్యంగా వాడొచ్చు, అవి లక్షల్లో కుట్టారు. ఇక తిరగడానికి, పాకడానికి, తడవడానికి కాపీయే మేలు, దారం కొత్తది, సైజు మనది, చిరిగినా బాధ ఉండదు. జపాన్ వాళ్ళు బజ్ రిక్సన్స్, రియల్ మెకాయ్స్ లాంటి పేర్లతో గుండీ దగ్గర్నుంచి జిప్ దాకా అచ్చం అలాగే చేస్తారు, ధర మాత్రం చాలా ఎక్కువ. కొన్ని చవక కాపీలైతే బొమ్మలో అలాగే ఉంటాయి గానీ బట్ట మాత్రం పాలిస్టర్ ఎక్కువున్న జిగురు గుడ్డ, చెమట పీల్చదు, స్టవ్ పక్కన నిప్పురవ్వ పడితే కరిగి చర్మానికి అంటుకుంటుంది.

నేను ఎక్కువగా చేసేది మూడో దారి, కుట్టించుకోవడం. చిక్కపేటలో మంచి కాటన్ డ్రిల్ దొరుకుతుంది, వెతికితే కాటన్ రిప్‌స్టాప్ కూడా, నా చొక్కాకి రెండున్నర మీటర్లు పట్టింది. తెచ్చిన బట్టని కుట్టడానికి ఇచ్చేముందు రాత్రంతా నీళ్ళలో నానబెట్టి ఆరేయండి, కాటన్ మొదటి ఉతుకులో కుంచించుకుంటుంది, కుట్టాక కుంచించుకుంటే పొట్టి చేతుల చొక్కా అయిపోతుంది. టైలర్‌కి ఫోన్లో ఫొటో చూపించి ఇలా కుట్టు అంటే కుదరదు, నమూనా చొక్కా చేతికివ్వండి, తిప్పి చూసుకుంటాడు. అడగాల్సినవి ఏంటంటే, అతుకులన్నీ లోపలికి మడిచి డబుల్ కుట్టు, జేబు మూలల్లో బలంగా అడ్డకుట్టు, ప్యాంటు కాళ్ళ మధ్య నాలుగు కుట్లు కలిసేచోట చిన్న పలకలాంటి ముక్క ఒకటి అదనంగా. ఆ ముక్క ఒక్కటి వేయించుకుంటే కాలు ఎంత ఎత్తు బండ మీద పెట్టినా ప్యాంటు చిరగదు. గుండీలు కొంచెం పెద్దవి పెట్టించండి, చలికి వేళ్ళు బిగుసుకున్నప్పుడు చిన్న గుండీ కాజాలో దూరదు. మా టైలర్ మొదట ఇదంతా ఎందుకు సార్ అన్నాడు, రెండోదానికి ఆయనే గుర్తుచేశాడు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. కామొఫ్లాజ్ వద్దు. ముఖ్యంగా మన ఆర్మీ కామొఫ్లాజ్ అసలు వద్దు. సైనికుడు కానివాడు సైనికుడని జనం నమ్మాలనే ఉద్దేశంతో అలాంటి బట్టలు వేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ కింద 3 నెలల దాకా జైలు, లేదా 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మా ఉద్దేశం అది కాదు కదా అంటారు, నిజమే, కానీ అది చెక్‌పోస్ట్ దగ్గర నిలబడి నిరూపించుకోవాలి కదా. 2016 జనవరిలో పఠాన్‌కోట్ దాడి తర్వాత ఆర్మీయే జనాన్ని తమ యూనిఫామ్ లాంటి బట్టలు వేసుకోవద్దనీ, షాపులవాళ్ళని అమ్మొద్దనీ కోరింది, 2022 ఆర్మీ డే పరేడ్‌లో చూపించిన కొత్త డిజిటల్ డిజైన్‌నైతే తమ పేరు మీద రిజిస్టర్ కూడా చేయించుకుంది. మా గ్రూపులో ఒకతను కామొఫ్లాజ్ ప్యాంటూ టోపీతో కనుమల్లో ఒక చెక్‌పోస్ట్ దగ్గరికొస్తే ఆపి గంటసేపు అన్నీ అడిగారు, వాళ్ళు అడగడం న్యాయమే, అడవిలో అలాంటి బట్టల్లో ఎవరు తిరుగుతున్నారో చూడటం వాళ్ళ డ్యూటీ. ఆరోజు మా ట్రెక్ మొత్తం ఆలస్యమై సగంలో తిరిగొచ్చాం. కాబట్టి ఒకే రంగువి తీసుకోండి, ఆలివ్, ఖాకీ, బూడిద, ఏదైనా. తలనుంచి కాలిదాకా సెట్టుగా వేసుకోకుండా పైన ఒకటి మిలటరీది ఉంటే కింద మామూలు ప్యాంటు, అలా కలిపేయండి. బ్యాడ్జీలు, ర్యాంకులు, పేరు పట్టీలు, రెజిమెంట్ గుర్తులు ఏ దేశానివైనా విప్పేయండి. సన్న కత్తెరతో కుట్టు ఒక్కొక్కటే తెంపుతూ విప్పితే బట్టకి ఏమీ కాదు. విప్పినవి పారేయొద్దు, ఒక కవర్లో వేసి ఆ జాకెట్ లోపలి జేబులోనే పెట్టండి. అడవిలో పర్మిట్ కావాల్సినచోట ఆ కాగితం, ఆధార్ కాపీ పై జేబులో రెడీగా ఉంచుకోండి.

బూట్లు. పాత బూట్లు కొనొద్దు, ఇంతకంటే పెద్దగా చెప్పాల్సింది లేదు గానీ కారణం చెప్తా. నేను ఒకాయన దగ్గర దాదాపు కొత్తవే అని ఒక జత పాత మిలటరీ బూట్లు కొన్నా, తోలు మెరుస్తూ ఉంది, స్కందగిరి దిగుతుంటే కుడి బూటు అట్ట మడమ దగ్గర్నుంచి ఊడి నోరు తెరిచింది, ఇంకో పావుగంటకి ఎడమది. టవల్ చింపి కట్టుకుని దిగాను, రెండు బొటనవేళ్ళ గోళ్ళూ నల్లబడ్డాయి. వాడకుండా బీరువాలో పెట్టినా రబ్బరు గట్టిపడిపోతుంది, పాలీయురెథేన్ అట్టలైతే తేమకి లోపల్లోపలే పొడి అయిపోతాయి, పైకి కనపడదు. కావాలంటే జంగిల్ బూట్ల కాపీ కొత్తవి తీసుకోండి, కిందివైపు తోలు, పైన క్యాన్వాసు, పాదం పక్కన నీళ్ళు పోవడానికి రెండు చిన్న కన్నాలు, వాగు దాటాక నాలుగడుగులేస్తే నీళ్ళు బయటికి వచ్చేస్తాయి. అంత ఖర్చు వద్దంటే మన క్యాన్వాసు హంటర్ షూస్ చాలు, అడవుల్లో గార్డులు ఎంతమంది వాటితోనే తిరుగుతున్నారో చూడండి.

జలగల గురించి అడగకుండా ఎవరూ ఉండరు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా కుమార పర్వత, తడియాండమోల్, ఆగుంబె ఎటు వెళ్ళినా ఉంటాయి. పాత సైన్యాలు కాళ్ళకి చుట్టుకున్న పట్టీలు, ఇంగ్లీషువాళ్ళు వాటిని పిలిచే 'puttee' అనే మాట మన పట్టీ నుంచే తీసుకున్నారు, నేను రెండు సీజన్లు చుట్టి చూశాను. చీలమండ దగ్గర మొదలుపెట్టి ప్రతి చుట్టూ కింది చుట్టుని సగం కప్పేలా పైకి చుట్టుకుంటూ పోతే ప్యాంటు కాలు బిగుతుగా ఉంటుంది, పిక్కలకి కూడా హాయి. మరీ లాగి చుడితే కాలు తిమ్మిరెక్కుతుంది, అప్పుడు ఆగి విప్పి మళ్ళీ చుట్టుకోండి. కానీ వానలో ఊలు పట్టీ బరువెక్కి జారుతుంది, జలగ బూటు లేసుల కన్నాల్లోంచి ఎలాగూ దూరుతుంది, అందుకే లోపల దట్టమైన కాటన్ లీచ్ సాక్స్ మోకాలి దాకా వేసుకుని దాని మీద పొట్టి పట్టీ చీలమండకి మాత్రం చుడుతున్నా. పొగాకు నానబెట్టిన నీళ్ళలో సాక్స్ ముంచి ఆరబెడితే ఇంకా తక్కువ ఎక్కుతాయి.

బ్యాగు విషయంలో పాతవాటి జోలికి వెళ్ళకపోవడమే మంచిది, 1937 నాటి బ్రిటిష్ క్యాన్వాసు బ్యాగులు చూడ్డానికి ఎంత బాగుంటాయో, పది కిలోలు వేస్తే పట్టీలు భుజాల్లోకి అంత దిగిపోతాయి. పక్కన వేలాడేసుకునే చిన్న హావర్‌శాక్ టిఫిన్ డబ్బాకీ టవల్‌కీ బాగుంటుంది. పాత వాటర్ బాటిల్ లోపల ఎనామిల్ పెచ్చులూడి తుప్పు పట్టి ఉంటుంది, అందులో తాగొద్దు, కానీ దాని ఫెల్ట్ తొడుగు కొత్త బాటిల్‌కి వేసి తడిపి పెట్టండి, మన కూజా లాగే నీళ్ళు చల్లగా ఉంటాయి.

ఉతకడం దగ్గర ఓపిక పట్టండి. కొత్తగా కొన్న పాత బట్టని మిషన్‌లో వేయొద్దు, బకెట్ చల్లటి నీళ్ళలో లోపలివైపు బయటికి తిప్పి నానేయండి, నీళ్ళు టీ రంగులోకి వస్తాయి, పారబోసి మళ్ళీ, నీళ్ళు తేటగా అయ్యేదాకా. బ్లీచ్ అసలు వద్దు, తెల్లగా మెరిపిస్తాం అనే పౌడర్లు కూడా వద్దు, ఆకుపచ్చ పాలిపోతుంది. నేను కుంకుడుకాయ రసం వాడతా, మా అమ్మ పట్టుచీరలకి వాడేదే, ఊలు జెర్సీకి కూడా అదే. ఊలుని పిండకండి, టవల్‌లో చుట్టి నొక్కి నీళ్ళు తీసేసి మంచం మీద పరిచి ఆరేయండి, తీగ మీద వేలాడేస్తే నీళ్ళ బరువుకి సాగిపోయి మోకాళ్ళ దాకా వస్తుంది. కాటన్‌వి నీడలో ఆరేయండి. గంజి పెట్టొద్దు, గాలి ఆడే బట్ట అట్టలా అయిపోతుంది.

దాచేటప్పుడు పూర్తిగా ఆరిందా లేదా చూసుకోండి, ముఖ్యంగా జేబుల అడుగున, కాలర్ మడత లోపల, అక్కడి తడి చేతికి తెలియదు, చెంపకి ఆనించి చూస్తే తెలుస్తుంది. ప్లాస్టిక్ కవర్లో కాకుండా పాత కాటన్ పంచెలో చుట్టండి, మధ్యలో ఎండు వేపాకు, ఊలు దగ్గర కలరా ఉండలు గుడ్డలో మూటకట్టి పెట్టండి, నేరుగా తగలనివ్వొద్దు. బెంగళూరు వానాకాలంలో బీరువాలోపల కూడా బూజు పడుతుంది కాబట్టి ఆగస్టులో ఎండ కాసిన ఒక ఆదివారం అన్నీ తీసి బాల్కనీలో గాలికి వేయండి, ఆరోజే సూదీ దారం పక్కన పెట్టుకుని గుండీలు ఒక్కొక్కటీ లాగి చూడండి, వదులైనవి అప్పుడే కుట్టేసుకుంటే సెప్టెంబర్‌లో కొండ మీద ఊడవు.